గిటారాయన వంతు

నేను నెల్లూరు నుంచి యారాడ వెళ్లింది ఆ డ్రమ్మర్‌ని చూడ్డానికే. కాలేజీ రోజుల నుంచీ ఆయన రాక్ బ్యాండంటే నాకు పిచ్చి. డెబ్బై దాటినా ఆయన చేతిలో లయ చెక్కుచెదరలేదు. వాళ్లింటి వరండాలో కూర్చుని మైమరచి వింటున్నాను. పాట మధ్యలో ఉన్నట్టుండి స్టిక్స్ ఒళ్లో పెట్టుకున్నారు. అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టబోతే ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగండి బాబూ. ఇప్పుడు గిటారాయన వంతు."

వాళ్ల బ్యాండ్‌లోని గిటారిస్టు పోయి చాలా ఏళ్లయింది. ఎదురుగా ఉన్నది ఖాళీ కుర్చీ. ఆవిడ దానివైపు చూస్తూ తలాడిస్తున్నారు. వీధిలో చేపలమ్మే మనిషి కూడా కేక ఆపి, తట్టతో అలాగే నిలబడింది. అక్కడ అందరికీ అది మామూలే.

డ్రమ్మర్ కుర్చీకేసి మొహం చిట్లించారు. "ఏటి బావా, అలా తొందరపడిపోతన్నావ్?"

నవ్వు దాచుకోడానికి తల దించాను. నా పాదం నేలమీద తాళం వేస్తోంది, ఆయన వాయించినదానికన్నా వేగంగా. ఎప్పుడు మొదలైందో తెలీదు. ఆపబోయాను. ఆగలేదు.

"నెమ్మది, బావా," అన్నారాయన కుర్చీతో.

నా పాదం నెమ్మదించింది.