ఖాళీ కడుపుల మీద నా దండయాత్ర

ఎనిమిది మంది పెద్దమనుషుల్ని ఒక్క పొద్దున్నే పడగొట్టిన ఘనత నాది. కత్తి లేదు, కర్ర లేదు. అల్లం పచ్చడి మాత్రం ఉంది. ఎలా పడగొట్టానో చెప్తాను, నవ్వుకోండి. కాకపోతే ముందు ఏదైనా కాస్త తిని కూర్చోండి. ఎదుటివాళ్ళు ఖాళీ కడుపుతో ఉన్నారంటే నాకు మాట పెగలదు.

మా అమ్మాయి శ్రీదేవి బెంగుళూరులో బ్యాంకు ఆఫీసరు. ఏసీ గది, తిరిగే కుర్చీ, ‘మేడమ్’ అంటూ లేచి నిలబడే జనం. అలాంటిది కిందటేడు ఒకరోజు చాప చుట్టుకుని తణుకులో దిగింది.

“ఉద్యోగం మానేశానమ్మా. యోగా, ధ్యానం నేర్పుతాను.”

“ధ్యానమంటే?”

“కళ్ళు మూసుకుని, ఊపిరి మీద మనసు పెట్టి కూర్చోవడం.”

“అది నేర్పడానికి నువ్వెందుకే? తణుకులో జనం ఇన్నాళ్ళూ ఊపిరి పీల్చకుండానే బతికారా?”

నా నోరు అలాంటిది. చదువు సంతకం దగ్గర ఆగిపోయింది గానీ, నోరు ఆగలేదు. ఇది కూడా నేను చెప్తుంటే శ్రీదేవే రాస్తోంది, మధ్యమధ్య నవ్వాపుకోలేక కలం పక్కన పడేస్తోంది. పైకి అలా కసిరానుగానీ, లోపల నా సంబరం వేరు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి గ్లాసుడు బియ్యం వండుకుని, అందులో సగం కాకులకి వేసేదాన్ని. ఇప్పుడు ఇంట్లో రెండో కంచం పడింది.

అయితే పిల్ల ఒక మెలిక పెట్టింది. “ఆదివారం మేడ మీద మొదటి క్లాసు. జనానికి నచ్చితే ఉంటాను. లేకపోతే మళ్ళీ బ్యాంకే. వాళ్ళు ఇంకా రమ్మంటున్నారు.”

రెండో కంచం మళ్ళీ అటక ఎక్కడమా? నేనుండగానా? క్లాసు నచ్చేలా చేయాలి. ఆ మాటకొస్తే నాకు తెలిసిన విద్య ఒక్కటే, పొయ్యి వెలిగించడం. శనివారమే దాని కంట పడకుండా పెసలు నానబోశాను.

ఆదివారం పొద్దున్నే శ్రీదేవి పైన చాపలు పరుస్తోంది. కింద గుమ్మంలో నేను కాపు కాశాను. ముందుగా వచ్చింది రిటైరైన లెక్కల మాస్టారు. తుమ్మినా హెచ్చుతగ్గులు లేకుండా తుమ్మే గంభీరమైన మనిషి.

“టిఫిన్ చేశారా మాస్టారూ?”

“లేదండి. తినకుండా రమ్మన్నారండి అమ్మాయిగారు.”

“అదలాగే అంటుంది లెండి, చిన్నపిల్ల. ఒక్క పెసరట్టు.”

“వద్దండి, వద్దు.”

ఇక్కడ మా గోదావరి మనుషుల సంగతి చెప్పాలి. మా దగ్గర మొదటి ‘వద్దు’ మొహమాటం, రెండోది అలవాటు, మూడోదానికి చెయ్యి కడుక్కుని కూర్చుంటారు. వద్దన్నారని వదిలేశామా, ‘ఆవిడ మాటవరసకి అడిగిందిలే’ అని సాయంత్రానికల్లా వీధంతా పాకుతుంది. అందుకే మెట్లకి అడ్డంగా నిలబడి పీట వాల్చాను. పెసరట్టులో ఉప్మా, పైన నెయ్యి, పక్కన అల్లం పచ్చడి.

మాస్టారు మూడో అట్టులో ఉండగా పక్కింటి సత్యవతి, ఆమె వెనకే మిగతావాళ్ళు వచ్చారు.

“అయ్యో, వద్దు పిన్నిగారూ, వంగాలట కదా!” అంది సత్యవతి.

“వంగడానికి బలం ఉండొద్దా?”

ఆ మాట దానికి బాగా నచ్చింది. రెండు తింది.

మిగతా ఆరుగురికీ అలాగే తినిపించి, అందరినీ మేడెక్కించి, నేనూ వెళ్ళి ఓ మూల కూర్చున్నాను.

“నడుం దగ్గర్నుంచి ముందుకి వంగండి, కాలివేళ్ళు అందుకోండి,” అంది శ్రీదేవి.

మాస్టారు వంగారు. వంగీ వంగగానే తాటిచెట్టు మీద పిడుగు పడ్డట్టు ఓ తేన్పు. మేడంతా అల్లం వాసన. సత్యవతి సగం వంగి ఆగిపోయింది. “అమ్మా శ్రీదేవీ, కిందకీ పోలేకపోతున్నాను, పైకీ రాలేకపోతున్నాను!” ధాన్యం బస్తాని దించినట్టు ఇద్దరు పట్టి దించారు.

పిల్ల కంగారుపడి, “పోనీ, శవాసనం వేద్దాం. వెల్లకిలా పడుకోండి,” అంది. పొద్దున్నే ఆ పేరేంటో! పడుకున్నారు. అంతే. ముందు మాస్టారు, తర్వాత సత్యవతి, ఆ తర్వాత అందరూ గురక అందుకున్నారు. చెరకు ట్రాక్టర్లన్నీ ఫ్యాక్టరీ దారి తప్పి మా మేడ ఎక్కినట్టుంది. “నెమ్మదిగా కళ్ళు తెరవండి,” అంది శ్రీదేవి. ఎవరు తెరుస్తారు?

నా వైపు తిరిగింది. “అమ్మా, ఏం పెట్టావు?”

“ఏం లేదే. చిన్న పెసరట్టు.”

“చిన్నదా?”

“ఉప్మాతో.”

“తిని చేయకూడదని చెప్పానా లేదా?”

“వాళ్ళకి చెప్పావు. నాకు చెప్పలేదుగా!”

పిల్ల మెట్టు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అప్పుడు దిగింది నా పొగరు. రెండో కంచాన్ని నా చేతులతో నేనే అటకెక్కించాననుకున్నాను. “ఏడవకే, నీకు దణ్ణం పెడతాను,” అని చేతులు లాగి చూద్దును గదా, నవ్వుతోంది! ఊపిరి అందనంత నవ్వు. అందరికీ ఊపిరి నేర్పడానికి వచ్చిన మనిషి!

ఇంతలో మాస్టారు లేచి, కళ్ళజోడు సర్దుకుని, “అమ్మాయిగారూ, రిటైరైన దగ్గర్నుంచి నాకు సరిగ్గా నిద్రే లేదండి. మీ ధ్యానం అద్భుతమండి. రేపూ వస్తాను,” అన్నారు. మెట్లు దిగబోతూ నా దగ్గర ఆగి, గొంతు తగ్గించి, “రేపేంటండి?” అని అడిగారు.

ఇప్పుడు మేడ మీద చాప వేయడానికి చోటు లేదు. టిఫిను క్లాసు అయ్యాకే. అప్పటిదాకా వంటింటి తాళంచెవి శ్రీదేవి దగ్గర, నేను మొదటి వరసలో దాని కళ్ళెదురుగా. మొన్న బ్యాంకువాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే, “రాలేనండి, ఇక్కడ మా అమ్మకి కాపలా ఉండాలి,” అని పెట్టేసింది.

మా ఆయన ఫోటో ముందు దీపం వెలిగించి ప్రమాణం చేశాను. ఇక మీదట యోగాకి ముందు ఏ ప్రాణికీ అట్టు కాదు కదా, అటుకు కూడా పెట్టను. వద్దన్నా పెట్టను, కావాలన్నా పెట్టను. ఫోటోలో ఆయన నవ్వుతున్నట్టే ఉన్నారు. నమ్మలేదు కాబోలు. బతికున్నన్నాళ్ళూ ‘వద్దే, వద్దే’ అంటూనే నేను వేసిన నాలుగో అట్టు తిన్న మనిషి మరి.