నా వంతుకొచ్చిన ఈగలు

ముందే ఒప్పేసుకుంటాను. నలభై దాటిన మనిషిని, సాలీళ్ల విషయంలో ఒకణ్ని చూసి ఏళ్ల తరబడి కుళ్లుకున్నాను. ఉద్యోగం, ఇల్లు, కారు లాంటి గౌరవమైన కారణాలతో అసూయపడేవాళ్లుంటారు. నాకు ఆ అదృష్టం కూడా లేదు. మొన్న కాజీపేట స్టేషన్ బయట పండ్ల బండి దగ్గర నిలబడితే, మగ్గి నల్లబడ్డ అరటిపండ్ల పుల్లటి వాసన గుప్పున తగిలింది. పక్కనున్నవాళ్లు మొహం తిప్పుకున్నారు. నేను రెండడుగులు ముందుకేసి గట్టిగా పీల్చాను. బండాయన నన్ను జాలిగా చూసి, "అవి పారేసేటియి సార్, మంచియి ఇటున్నయి" అన్నాడు. నాకు కావలసినవి అవేనని ఆయనకెలా చెప్పను? ఆ వాసనలో గఫార్ చాచా ఉన్నాడు.

గఫార్ చాచా రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన ఇంటి మేడమీది గదిలో నేను అద్దెకుండేవాణ్ని. కింద ముందుగదిలో గోడ పొడవునా చెక్క అరలు, అరల నిండా చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ మిఠాయి డబ్బాలు, డబ్బాకొక సాలీడు. మన ఇళ్లలో గోడమీద కనబడగానే చీపురు వెతుక్కుంటామే, అరచేయంత వెడల్పున బూడిదరంగులో, ఆ రకమే. వాడకట్టులో ఎవరి బాత్రూంలో కనబడినా చాచాకు కబురొచ్చేది. ఒక స్టీలు గ్లాసు, ఒక పెళ్లిపత్రిక పట్టుకుని వెళ్లేవాడు. గ్లాసు దానిమీద బోర్లించి, అట్ట కిందికి జరిపి, అల్లుణ్ని తెచ్చుకున్నట్టు తెచ్చుకునేవాడు. చాచీ నుదురు కొట్టుకునేది. "అందరిండ్లల్ల బూజు దులుపుతరు. మా ఇంట్ల దావత్ ఇస్తరు!"

సాలీళ్లను సాకడం కష్టమేం కాదు, వాటి పిల్లల్ని సాకడమే కష్టం. గుడ్లసంచి పగిలితే ఒకేసారి వందల పిల్లలు, ఒక్కొక్కటి ఆవగింజంత. వాటి నోటికి పట్టే తిండి పండ్లమీద ముసిరే చిన్న ఈగలే. నేనప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ ల్యాబ్ అసిస్టెంటుని. ఒకరోజు చాచా మెట్లమీదే ఆపి, "మీ కాలేజ్ల ఎగరని ఈగలుంటయంట గద బిడ్డా, జర తెస్తవా?" అని అడిగాడు. నిజంగానే ఉండేవి. రెక్కలు ముడుచుకుపోయి, పుట్టుకతోనే ఎగరలేని రకం. డిగ్రీ పాసై ఆరేళ్లయినా అదే ల్యాబులో సీసాలు తుడుస్తున్న నాకు అవి చుట్టాల్లా అనిపించేవి. ఒక సీసాడు పట్టుకొచ్చాను. అలా ఆ ఇంట్లో నాకో పదవి దొరికింది.

ఈగలు పెంచడం చాచాయే నేర్పాడు. మగ్గిన అరటిపండు పిసికి, ఉప్మారవ్వ, కాస్త బెల్లం, చిటికెడు బేకరీ ఈస్టు కలిపి సీసా అడుగున పరచాలి. పురుగులు ఎక్కడానికి మడిచిన కాగితం నిలబెట్టాలి. చాచీ పాత ఓణీ ముక్కతో మూతి కట్టాలి. ప్రతి శుక్రవారం పాత సీసాలోంచి కొత్త సీసాలోకి కొన్ని ఈగల్ని దులపాలి, ఖాళీ అయినవి కడగాలి. కిటికీ దగ్గర మాత్రం మూత తీయకూడదు. "బయిటి ఈగ ఒక్కటి లోపల జొర్రిందనుకో, ఖతం. దానికి పుట్టినయన్ని ఎగురుతయి" అనేవాడు చాచా. ఆ కడుగుడు సంగతి మీకు తెలియదు. మూడు వారాలు పులిసిన అరటిపండు సీసాకు అంటుకుంటే, దాన్ని గోకినవాడితో ఆ పూట ఎవరూ కలిసి అన్నం తినరు. నేను రెండేళ్లు గోకాను, ఎప్పుడో ఒకనాడు నా చేతికి ఒక డబ్బా ఇస్తాడని.

అప్పుడొచ్చాడు శీను. మరిపెడ నుంచి వచ్చి మా సందు మొదట్లో సెల్‌ఫోన్ రిపేరు దుకాణం పెట్టాడు. పాత కూలర్లో సాలీడు దొరికిందని చాచాకు తెచ్చిచ్చాడు. చాచా వాడి చేతుల వంక చూశాడు. మూడోరోజుకల్లా సాలీడు పిల్లల్ని విడదీసే సన్న బ్రష్షు వాడి చేతిలో ఉంది. పిల్లల్ని కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తింటాయి కనుక ఒక్కో పిల్లనీ ఒక్కో హోమియోపతి మందు సీసాలోకి మార్చాలి. శీను మూడు వందల పిల్లల్ని మార్చినా ఒక్క కాలు విరగలేదు. "వాని చెయ్యి జూస్తివా? ఊపిరి గూడ ఆడుతలేదు!" అని చాచా నాకే చూపించాడు. నా చేతుల సంగతంటారా, చాయ్ కప్పు పట్టుకుంటే సాసరు గంట కొడుతుంది. శీనుకు సాలీళ్లు, నాకు ఈగలు. ఈగలతో పాటు ఈగో కూడా పెంచాను. రెండోది ఏ మేతా లేకుండానే బలిసింది. శీను అరుగు మీంచి "ఈగలన్నా, ఇంకో సీస!" అని కేకేస్తే అది ఇంకాస్త బలిసేది.

ఆ ఏడు చాచా, చాచీ నెక్కొండలో బంధువుల పెళ్లికి వెళుతూ తాళంచెవి శీనుకిచ్చారు. చాచాకు ప్రాణమైన సాలీడు ఒకటుండేది, బేగం అని పిలిచేవాడు. డబ్బా మీద మేత తేదీ రాసే చీటీ చూస్తే అది తిని ఆరు రోజులైంది. శీను మరిచిపోయాడనుకుని నాకు కలిగిన ఆనందం ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తుంది. సాయంత్రం వాడు తలుపు దగ్గరగా వేసి దుకాణానికి వెళ్లిన సందు చూసి, లావుపాటి కీచురాయిని బేగం డబ్బాలో వదిలాను. పొద్దున చూస్తే బేగం మూతకు వేలాడుతోంది. సగం పాత చర్మంలో, సగం బయట. మెత్తటి కొత్త ఒంటిని కీచురాయి కొరికి తినేసింది. చర్మం విడిచే ముందు సాలీడు తిండి మానేస్తుందని, అప్పుడు బతికున్న పురుగును డబ్బాలో ఉంచకూడదని చాచా వందసార్లు చెప్పాడు. చెప్పింది శీనుకు. శీనుకు చెప్పే మాటలు వినకూడదని నేను పంతం పట్టిన రోజులవి.

చాచా వచ్చి డబ్బా మూత తీసి చూశాడు. "ఎవరేసిండ్రు దీన్ని?" అన్నాడు మెల్లగా.

శీను నా మొహం చూసి, తల దించుకుని, "నేనే చాచా. యాదిమరిచిన" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. బ్రష్షు తీసుకున్నాడు, తాళంచెవి తీసుకున్నాడు, ఆఖరికి నా తప్పు కూడా వాడే ఎత్తుకుపోతాడా? "వాడు గాదు, నేనేసిన!" అని అరిచాను. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క నిజాయితీ పని అది, అదీ కుళ్లుతో చేశాను.

చాచా తిట్టలేదు. బేగాన్ని గులాబీ కుండీలో పూడ్చి, చేతులు కడుక్కుని నా పక్కన కూర్చున్నాడు. "బిడ్డా, నీకు చేసుడు అస్తది, ఆగుడు రాదు. సాలీడు దగ్గర ఆగాలె. ఈగలకు దినాం చెయ్యాలె. గంతే." ఓదార్పు లేదు, వెటకారమూ లేదు, కరెంటు తీగ ఎక్కడ తెగిందో చెప్పినట్టు చెప్పాడు.

నాకు పెళ్లై వేరే ఇంటికి మారాక, పోయినేడు ఆయన దవాఖానలో పడుకుని ఇద్దర్నీ పిలిపించాడు. "డబ్బాలు శీనుకు. సీసలు నీకు. ఈ సంతు ఆగొద్దు." నేను సిగ్గు విడిచి, "ఒక్క డబ్బా అన్న ఇయ్యి చాచా" అన్నాను. "వద్దు" అన్నాడు, నవ్వుతూనే. మూడోరోజు పోయాడు. ఆ తర్వాత ఏడాది పాటు, తినే సాలీడు పిల్ల ఒక్కటి లేకపోయినా, శుక్రవారం శుక్రవారం సీసాలు మార్చుకుంటూనే ఉన్నాను. "ఎవరి కోసమండీ ఈ ఈగలు?" అని నా భార్య అడిగితే, మరో పండు పిసికేవాణ్ని.

ఈ వానాకాలం ఒక మధ్యాహ్నం శీను తడిసి ముద్దై మా గుమ్మంలో నిలబడ్డాడు. బేగం తోబుట్టువు సంతతిలో ఒకటి పిల్లలు పెట్టిందట. నన్ను అడగడం నామోషీ అనిపించి వాడే అరటిపండు మగ్గబెట్టి ఈగల్ని పట్టాడు. బయటి ఈగలు కదా, మూత తీయగానే దుకాణమంతా ఎగిరాయి. "రెండ్రోజులాయె అన్నా, తిండి లేక. బుడ్లల్ల ఒక్కొక్కటి సస్తానయి. చాచా సంతు నా చేతులనే పోయేటట్టుంది" అన్నాడు.

ఈ క్షణం కోసం నేను ఎన్నేళ్లుగా కలలు కన్నానో! కలలో నేను చాలాసేపు ఆలోచించినట్టు నటించి, వాణ్ని నిలబెట్టి, అప్పుడు మాట్లాడేవాణ్ని. తీరా చూస్తే వాడి మాట పూర్తయ్యేలోపే నాలుగు సీసాలు సంకన పెట్టుకుని వానలో వాడికంటే ముందు నడుస్తున్నాను. దుకాణంలో వాడు ఒక్కో బుడ్డిలో రెండేసి ఈగల్ని దులిపాడు. ఆవగింజంత పిల్ల తనంత ఈగ మీదికి దూకి పట్టుకుంది. ఇద్దరం తలలు ఆనించి చూశాం. వాడి చెయ్యి ఇప్పటికీ వణకదు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. చాచా నాకిచ్చిపోయినవి ఈ శుక్రవారాలే. డబ్బా ఇవ్వలేదన్న ఉక్రోషం మాత్రం నేనే కూడబెట్టుకున్నాను. రెండూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

అందుకే ఈగలిచ్చేందుకు శీనుకు ఒక షరతు పెట్టాను. వారం వారం వచ్చి తీసుకుపోవచ్చు, కానీ ఖాళీ సీసాలు వాడే కడగాలి. ఆ బంగారం లాంటి చేతులతో శీను మా పెరట్లో గొంతుక్కూర్చుని, ముక్కుకు రుమాలు కట్టుకుని గోకుతుంటాడు. నేను కుర్చీ వేసుకుని చాయ్ తాగుతుంటాను.

"ఎన్నున్నయన్నా ఇంకా?" అన్నాడు పోయిన వారం. "వారం వారం పెరుగుతానయేంది?"

"సంతు పెరుగుతాంది గదరా" అన్నాను.

వాడు నిట్టూర్చి మరో సీసా అందుకున్నాడు. ఆ వరసలో ఆఖరి మూడూ మా ఇంటి పచ్చడి సీసాలని వాడికింకా తెలియదు.