నేను రాసిన గోల్‌కీపర్ నియమం

మా లీగ్ ఒక క్లబ్బు వంటగదిలో పుట్టింది. జర్మనీలోని హార్ట్స్ కొండల్లో నాలుగు చిన్న ఊళ్లకు నాలుగు ఐస్ హాకీ క్లబ్బులున్నాయి. పిల్లల జట్లకు పెద్ద లీగుల్లో చోటు దొరకడం లేదని, మనమే ఒకటి పెట్టుకుందామని అందరూ కూర్చున్నారు. మా అమ్మాయి అప్పటికే ఏడాదిగా ఆడుతోంది కాబట్టి నేనూ వెళ్లాను. మాది వరంగల్ పక్క, నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మంచు గురించి నాకు తెలిసిందల్లా దాని మీద ఎలా జారిపడాలో మాత్రమే.

డెబ్బై దాటిన అధ్యక్షుడు, తీర్మానాలు ఎవరు రాస్తారని అడుగుతూ నావైపు చూశాడు. పెద్దవాళ్లను ముఖం మీద కాదనడం నాకు చేతకాదు. మన దగ్గర కాదనాల్సి వస్తే "చూద్దాం" అంటాం. అడిగినవాడికి సంగతి అర్థమై ఇంకొకరి దగ్గరికి పోతాడు. నేను జర్మన్‌లో అదే అన్నాను. ఆయన సంతోషంగా నా పేరు రాసుకున్నాడు. అందరూ చప్పట్లకు బదులు బల్ల మీద పిడికిళ్లతో టకటకా కొట్టారు. అలా కార్యదర్శినయ్యాను.

"ఇంట్ల గిన్నెలు తోమమంటే నడుం నొప్పి. ఊరోళ్ల లీగు మోయనీకి మాత్రం ఎక్కడ్లేని ఓపిక" అంది మా ఆవిడ. ఆమె మాటలో తప్పేం లేదు.

మొదటి చలికాలం ఒక జట్టు, గోల్‌కీపర్ రాలేదని, సరైన ప్యాడ్లు లేని పిల్లాణ్ణి గోల్ ముందు నిలబెట్టింది. బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల, పక్, భుజానికి తగిలి వాడు కింద పడిపోయాడు. ఆ కోపంలో నేనే కొత్త నియమం రాశాను. గోల్‌కీపర్ లేని జట్టు ఆడకూడదు. అలా రెండుసార్లు జరిగితే లీగ్ నుంచి తప్పుకోవాలి. పదాలన్నీ పొందిగ్గా కుదిరాయని ఆ రాత్రి మురిసిపోయాను కూడా. నాలుగు జట్లూ ఉంటేనే ఐస్ హాల్ వాళ్లు ఆదివారాలు మాకిస్తారు. మూడైతే ఇవ్వరు. ఈ సంగతి తెలిసే రాశాను.

మరుసటి ఏడు మా ఊరి గోల్‌కీపర్ కుటుంబం వేరే ఊరికి మారింది. ఎవరూ ముందుకు రాకపోతే మా అమ్మాయి చెయ్యెత్తింది. అప్పుడు దానికి పదేళ్లు. నేను పొంగిపోయాను.

ఈ సీజన్ మొదలవడానికి ముందు ఒక సాయంత్రం అది నా పక్కన వచ్చి కూర్చుంది. జర్మన్‌లో మొదలుపెట్టి, నాకు సరిగ్గా తగలాలనేమో, తెలుగులోకి మారింది.

"నాన్నా, ఇంక నాకొద్దు. మాస్క్ పెట్టుకుంటే ఊపిరాడట్లేదు. శనివారం నుంచే భయమైతది."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేంరా?"

"నేను మానేస్తే లీగే పోతది కదా. రూల్ నువ్వే రాసినవ్ కదా."

వచ్చే మీటింగులో చెప్పేస్తానని మాటిచ్చాను. నిజంగానే చెప్పాలనుకున్నాను. కారులో వాక్యాలు కూడా నేర్చుకున్నాను.

అధ్యక్షుడు జట్ల జాబితా చదివాడు. మా ఊరి పేరు దగ్గర ఆగి, "మన చిన్న గోల్‌కీపర్ ఉందిగా?" అని నవ్వాడు. వంటగదిలో అందరూ నన్ను చూశారు. వాళ్లలో సగం మంది నేను ఇల్లు మారినప్పుడు సోఫా మోసినవాళ్లు. తలాడించాను. ఆ తర్వాత నా చేత్తో నేనే తీర్మానాల పుస్తకంలో "ఉంది" అని రాశాను. మళ్లీ బల్ల మీద టకటకా మోత.

ఇంటికొచ్చాక, "చెప్పినవా?" అని అడిగింది మా అమ్మాయి.

"ఈ ఒక్క సీజన్ బిడ్డా. ఈలోపు వేరేవాళ్లని వెతుకుతా."

గొడవ చేస్తుందనుకున్నాను. చేస్తే బాగుండేది. సరే అని తన గదిలోకి వెళ్లి తలుపు మెల్లగా వేసుకుంది.

మొదటి ఆదివారం, హాల్ నడవాలో బెంచీ మీద కూర్చోబెట్టి దాని కాళ్లకు ప్యాడ్లు కట్టాను. ముఖం పాలిపోయి ఉంది. చేతులు మోకాళ్ల మధ్య దాచుకుంది. ఇప్పుడు కూడా మానెయ్యొచ్చని చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు వచ్చాడు. చేతికర్ర గోడకానించి, నొప్పి మోకాలు పట్టుకుని దాని ముందు వంగాడు.

"ఆడటం ఇష్టమేగా తల్లీ?"

అది ఆయన వంక చూసింది. తర్వాత నావంక. ఆ తర్వాత మర్యాదగా నవ్వి తలాడించింది. నడక, రంగు వాళ్లమ్మవి. ఆ తలాడించడం మాత్రం అచ్చంగా నాది. నా దగ్గర ఇది తప్ప నేర్చుకోవడానికి దానికింకేం దొరకలేదా అని ఏడుపొచ్చింది. నా బిడ్డ అబద్ధం చెబుతోందని, దానికి భయంగా ఉందని ఆయనతో ఒక్క మాట అంటే సరిపోయేది. పెద్దాయన, అర్థం చేసుకునేవాడు కూడా.

నేను వంగి రెండో కాలి పట్టీ బిగించాను.