లేసు కింద వేరే పేరు

తొమ్మిదేళ్ళుగా ఇది నా మెడకి చుట్టుకుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

అమెరికాలో ఈ అరోరా ఊరికి రాకముందు పదిహేడేళ్ళు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. ఇక్కడికి వచ్చాక, ఊళ్ళో పంచే ఇంగ్లిష్ వారపత్రికలో రాసే అవకాశం మొదటిసారి దొరికింది. ఇటలీలో మధ్యధరా తీరం వాళ్ళ తిండి గురించి, చేతిపనుల గురించి రాయాలి. మా ఇంటి దగ్గర ఆ తీరం నుంచి వచ్చినవాళ్ళ కొట్టు ఒకటి ఉంది. జాడీల్లో ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు, చూడడానికి మన నెత్తళ్ళలాగే ఉంటాయి. పిండిని బిళ్ళలుగా కోసి, ఒక్కో బిళ్ళ మీద చెక్క అచ్చుతో పువ్వు గుర్తు అద్ది ఆరబెడతారు. ఆలివ్ డబ్బాల పైన తెల్లటి లేసు గుడ్డలు వేలాడుతుంటాయి. అవి తమ తీరంలో ముసలమ్మలు అల్లినవని కొట్టు యజమాని గర్వంగా చెప్పాడు.

అవి ఎవరు అల్లారో నాకు తెలుసు. మా తెలుగు చర్చికి వచ్చే కరుణమ్మగారు. ఆవిడది నరసాపురం పక్కన పల్లె. చేతులు ఊరుకోక అల్లి, ఆ కొట్టుకి ఇచ్చేవారు. నేను రాయబోతున్నానని విని, ఆరాధన అయ్యాక నన్ను ఆపి ఒక్కటే అడిగారు. నలభై ఏళ్ళు ఊళ్ళో అల్లిన లేసు ఏ దేశం పోయిందో తనకి తెలియదట, ఎవరు అల్లారో కొన్నవాళ్ళకి తెలియదట. ఒక్కసారి తన పేరు వేయమన్నారు. వేస్తానన్నాను.

వేయలేదు. ఎందుకు? ఆవిడ వీసాకి ఇబ్బంది వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆవిడకి గ్రీన్‌కార్డ్ ఉంది, ఆ సంగతీ నాకు తెలుసు. అసలు సంగతి వేరు. వ్యాసం అందంగా కుదిరింది. ఒకే తీరం, ఒకే సముద్రం, ఆ ముసలమ్మలు. మధ్యలో గోదావరి మనిషి వస్తే కథ చెడుతుందనిపించింది. ఆ లేసు మధ్యధరా తీరానిదే అని రాసిచ్చాను.

దాన్ని కూడా మరిచిపోయేవాణ్ణేమో. కానీ పేపరు వచ్చిన ఆదివారం మధ్యాహ్నం కరుణమ్మగారు ఇంటికి పిలిచారు. సోఫాలో నా పక్కన కూర్చుని పేపరు నా ఒళ్ళో పెట్టారు.

"ఇంగ్లీషు నాకు రాదు కదా. కోడలు చదువుతానంది. నే వద్దన్నా. రాసినోడే చదవాల."

చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. లేసు దగ్గరికి వచ్చేసరికి, అందులో లేని వాక్యం నా నోట్లోంచి వచ్చింది. "ఈ లేసు అల్లింది నరసాపురం పక్క పల్లె నుంచి వచ్చిన కరుణమ్మగారు."

"ఊరు కూడా ఏశావా!"

"వేశానండి."

"దారాలు తగలేస్తన్నానని మా కోడలు ఒకటే గోల. ఇప్పుడనమను! ఏదీ, నా పేరెక్కడుందో చూపించు బాబూ."

వేలు పెట్టాను. అక్కడ ఉన్నది కొట్టు యజమాని పేరు.

ఆవిడ బాల్‌పెన్ తెచ్చి దాని కింద నెమ్మదిగా గీత గీశారు.

"వంకర పోయిందా?"

"లేదండి."

అప్పుడైనా చెప్పవచ్చు. తప్పయిందండి, వేయలేదు అంటే సరిపోయేది. వారం తిరిగాక సవరణ వేయించవచ్చు. డెస్కులో ఇతరుల తప్పులకి ఎన్ని సవరణలు రాశాను! నా తప్పుకి ఒక్కటి రాయడానికి చెయ్యి ఎందుకు రాలేదు?

ఆ పేపరు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నేను ఫ్రేము కనపడని కుర్చీ వెతుక్కుంటాను. కోడలు చదివే ఉంటుంది. ఒకసారి కాఫీ ఇస్తూ ఫ్రేము వంక చూసింది, నా వంక చూసింది, చక్కెర సరిపోయిందా అని అడిగి వెళ్ళిపోయింది. అత్తగారి సంతోషం చెడగొట్టలేక ఆమె నోరు మెదపలేదా? అంటే నా అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా ఆమె కూడా కాపాడుతోందా? ఈ ప్రశ్న వచ్చిన రోజు నాకు ఏ పనీ సాగదు. కారు తీసి ఊరికే తిరుగుతాను.

ఇప్పుడు కరుణమ్మగారికి చూపు తగ్గింది. అల్లడం మానేశారు. భూతద్దం పెట్టుకుని తెలుగు బైబిలు మాత్రం రోజూ చదువుతారు. నేనిది పంపుతున్న ఈ తెలుగు పత్రిక కూడా వాళ్ళింటికి వెళుతుంది. ఇది ఎవరూ ఆవిడకి చదివి పెట్టక్కర్లేదు. నా పేరు లేకపోయినా ఎవరు రాశారో ఆవిడకి తెలుస్తుంది.

క్షమిస్తారని రాయడం లేదు. ఆ ఫ్రేము దించేస్తారేమో, నన్ను గుమ్మం దగ్గరే నిలబెడతారేమో. అది ఆవిడ ఇష్టం. ఆ లేసు కరుణమ్మగారు అల్లారు. ఇది అచ్చయ్యాక వచ్చే ఆదివారం కూడా చర్చికి వెళ్ళాలి. ఆవిడ మూడో వరసలో కూర్చుంటారు.