అడుగున వదిలే దోసెడు

గడ్డలవ్వ అసలు పేరేమిటో ఆమెకైనా గుర్తుందో లేదో! అడవిలో దుంపలు తవ్వుకు బతికిన మనిషి గనక అందరికీ గడ్డలవ్వే. ఎంత ఆకలేసినా దుంపను మొత్తం పెకలించేది కాదు. తీగ మొదట్లో ఓ ముక్క వదిలి, మన్ను కప్పి మరీ వచ్చేది. వాళ్ళ జనమంతా అంతే. అడుగంటా ఊడ్చేస్తే మళ్ళీ వచ్చినప్పుడు ఏం తింటాం?

అడవికి కంచె పడింది. సర్కారువాళ్ళు అందరినీ తెచ్చి రేకుల గదుల వరసలో దించారు. నెలనెలా సర్కారు గోదాము నుంచి బియ్యం బండి వచ్చేది. గడ్డలవ్వ తన వంతు కొలిపించుకుని, అందులోంచి దోసెడు తీసి మళ్ళీ బండిలోని బస్తాలో పోసేది.

"ఇవేమన్నా దుంపలా అవ్వా, మళ్ళీ మొలవడానికి?" అని బండివాడు పడీపడీ నవ్వేవాడు.

"నవ్వులే నాయనా. అడుగు కనపడకూడదు," అనేది.

ఏం చెబుతాం! ఆ చాదస్తంతో నెలాఖరుకి ఆమె పొయ్యిలో పిల్లి లేచేది కాదు. మంచినీళ్ళు తాగి పడుకునేది.

ఉత్త బియ్యంతో ఎన్నాళ్ళు బతుకుతారు? జనం ఒక్కొక్కరే ఇటుక బట్టీలకు పోయారు. కూతురూ అల్లుడూ కూడా పోయారు. "నువ్వూ రావే అమ్మా," అంది కూతురు. బట్టీ దగ్గర ముసలిదాన్ని కూచోబెట్టి ఎవరు మేపుతారు? అందుకే ఉండిపోయింది. ఇప్పుడు వరసంతా తాళాలే. మాట్లాడాలనిపిస్తే పొయ్యి ఒక్కటే దిక్కు. "అంటుకోవే, నీ దుంపతెగ!" అని తిట్టేది. ఆ గొంతు తన చెవినే పడి ఏడుపొచ్చేది.

ఓ నెల బండి రాలేదు. చూసి చూసి, కర్ర పట్టుకుని, కూచుంటూ లేస్తూ గోదాముకి పోయింది. చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

"నీ ఒక్కదాని కోసం బండేం తోలతాం అవ్వా? డీజిలు దండగ. ఇకమీదట నువ్వే రావాలి," అన్నాడు బండివాడు.

"పోనీ, నేను వదిలినవి ఉన్నాయిగా. అవన్నా ఎవరిచేతన్నా పంపించు."

"అవెక్కడున్నాయి? ఎప్పటికప్పుడు మా కోళ్ళకి వేసేశాగా!"

పాపం, వాడు దాచలేదు. గడ్డలవ్వకి కోపం కూడా రాలేదు, సిగ్గేసింది. ఇన్నాళ్ళూ పస్తులుండి మేపింది కోళ్ళనా!

వాడు ఆ నెల వంతు కొలిచాడు. ఆమె ఒక్క గింజ వెనక్కి పోయలేదు. కింద రాలినవి కూడా ఏరి మూటలో వేసుకుంది.

"ఇవాళ వదల్లేదేం అవ్వా?" అని నవ్వాడు.

"మళ్ళీ వచ్చే చోటయితే వదులుతాం నాయనా. ఈ కాళ్ళతో నేనింక రాలేను."

వాడి నవ్వు ఆగిపోయింది. "మరి వచ్చే నెల ఏం తింటావ్?"

ఏం తింటావని ఆమెను ఎవరన్నా అడిగి ఎన్నాళ్ళయిందో! గడ్డలవ్వ ఆ కోళ్ళవాడి మొహం చూస్తూ, మూట ఒళ్ళో పెట్టుకుని భోరుమంది.