కార్వాన్ ఇంట్లో ఫ్రెంచి కబుర్లు

మా చిన్నప్పుడు... మరీ చిన్నప్పుడు కాదులెండి, ఇంటర్ చదివే రోజుల్లో... సెకండ్ లాంగ్వేజ్ పీరియడ్ గంట కొట్టగానే నాకు దిగులు పట్టుకునేది. మా క్లాసు అమ్మాయిలంతా బిలబిలమంటూ తెలుగు క్లాసుకు వెళ్లిపోయేవాళ్లు. నేనొక్కదాన్నే ఫ్రెంచి నోటుబుక్కు పట్టుకుని చివరి గదికి...

ఫ్రెంచి మీద ప్రేమా పాడా! మార్కులు బాగా పడతాయని మా బాపుకు... అదే, నాన్నకు... ఆఫీసులో ఎవరో చెప్పారు. అంతే, చేర్పించేశారు. సారు పలికింది మరిచిపోకుండా ప్రతి వాక్యం కింద తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. పక్క గదిలోంచి మావాళ్ల నవ్వులు వినిపిస్తుంటే ఏడుపొచ్చేది.

పాఠాలన్నీ ఇద్దరు మాట్లాడుకునేవే... నాకేమో రెండో మనిషి లేదు. కార్వాన్ బస్తీలో మా ఇంట్లో, సందుగ పెట్టె మీద కూర్చుని రెండు గొంతులూ నేనే పెట్టి చదువుతుంటే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది.

"ఏందే, ఒక్కదానివే గింత లొల్లి పెడుతున్నవ్? ఇటియ్యి, ఒకరిది నేను సదువుత."

తెలుగు అక్షరాలే కదా... కూడబలుక్కుని చదివేసింది! ఇక రోజూ సాయంత్రం మా ఇద్దరికీ అదే పని.

ఒకరోజు క్లాసులో మావాళ్లంతా నన్ను పిలవకుండానే సినిమాకు వెళ్లొచ్చారు. ఆ సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే పాఠం చూసి అడిగింది, "కొమాం సా వా?" అంటే, ఎలా ఉన్నావని. "సా వా బియాన్"... బాగున్నానని చదువుతూనే వెక్కి వెక్కి ఏడ్చేశాను.

అమ్మ నోటుబుక్కు మూసేసింది. "బాగలేనని గూడ ఉంటది గదనే వాళ్ల భాషల? గది చెప్పు బిడ్డా."

"సారు అది చెప్పలేదమ్మా."

"అయితే తెలుగుల చెప్పు."

అంతా చెప్పాను. పొయ్యి మీద పప్పు అడుగంటినా లేవలేదు మహాతల్లి.

మార్కులు బాగానే పడ్డాయి... ఏం చేసుకోను? అమ్మ పోయి రెండేళ్లయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. మొన్న ఊసుపోక ఫోన్లో ఫ్రెంచి యాప్ పెట్టుకున్నాను. ఎలా ఉన్నావని అడిగింది. బాగాలేనని ఫ్రెంచిలోనే చెప్పాను... ఇప్పుడు వచ్చు. "శభాష్, కరెక్ట్!" అని పచ్చ టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

మీ పక్కన కూర్చుని మీతో పాఠం చదివిందెవరండీ? కింద రాయండి... ఎంత పొడుగైనా ఫరవాలేదు, మొత్తం చదువుతాను.