గాటు చాలని ఆపరేషన్

రిటైర్మెంటుకి ముందు ఏడాది నేను విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో ఛాతీ ఆపరేషన్ల విభాగానికి అధిపతిని. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పక్కటెముకలు విడదీయడం అప్పటికే చాలావరకు మానేశాం. చిన్న కన్నాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి చేసేవాళ్లం. ముసలివాళ్లకి అదే మేలు, తొందరగా లేస్తారు. లేవకపోతే మాత్రం ఎంత బాగా కోసినా దండగే. కఫం పేరుకుని న్యుమోనియా వస్తే, ఆ వయసులో క్యాన్సర్‌కంటే ముందే అది పట్టుకుపోతుంది.

కూర్మన్నపాలెం అప్పారావుగారు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. ఎడమ ఊపిరితిత్తి కింది భాగం తీసేశాం, చక్కగా అయింది. మర్నాడు పొద్దున్న నడవమంటే గోడవైపు తిరిగి పడుకున్నారు. నొప్పేమోనని మందు పెంచాను. ఊహూఁ! దగ్గమన్నా దగ్గరు. సాయంత్రానికి జ్వరం తగిలింది. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది.

చివరికి ఆయన భార్య పార్వతమ్మ నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పింది. ఆవిడ అన్న సింహాచలానికి ఆమధ్య గుండె బైపాస్ అయింది. గొంతు కింద నుంచి పొట్టదాకా గాటు. పెళ్లికెళ్లినా పేరంటానికెళ్లినా గుండీలు విప్పి చూపిస్తాడు. ఆపరేషనైన సాయంత్రం బావని చూడ్డానికొచ్చి, డొక్క మీద అంటించిన చిన్న పట్టీలు చూసి, "ఇదేటి బావా! మా మనవరాలికి సెవులు కుట్టించినప్పుడే ఇంతకంటే పెద్ద దెబ్బ తగిలింది" అన్నాడట.

"ఇప్పుడు లెగిసి తిరిగితే అసలు ఆపరేషనే అవ్వనేదంతాడని ఈయన బాధ, డాక్టరమ్మా" అని ఆవిడ కళ్లొత్తుకుంది.

నాకు ఒళ్లు మండింది. సింహాచలాన్ని పిలిపించి, మంచం పక్కనే నిలబెట్టి, బైపాస్ అయ్యాక తమరు ఎన్నాళ్లకి నడిచారని అడిగాను.

"వారందాకా మంచం దిగనేదు. నలుగురు ఒట్టుకుంటేగానీ లెగనేదు" అన్నాడు గొప్పగా.

దుప్పటి కదిలింది. "వారమా?" అన్నారు అప్పారావుగారు.

సిస్టర్ భుజం పట్టుకోబోతే వద్దన్నారు. ఛాతీలోంచి వచ్చే గొట్టానికి ఒక సీసా తగిలించి ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు మోయాలి. "ఒట్టుకో బావా" అని సింహాచలం చేతికిచ్చి, వార్డు చివరిదాకా నడిచారు. దగ్గుతూ, ప్రతి మంచం దగ్గరా ఆగి "నిన్ననే అయింది నాకు" అని చెప్పుకుంటూ! వెనకాల సింహాచలం "మెల్లగా బావా, గొట్టం లాగేత్తన్నావ్" అని ఒకటే గోల. రెండ్రోజుల్లో జ్వరం దిగిపోయింది.

ఆ తర్వాత పెద్దవయసు పేషెంటు ఎవరొచ్చినా ఊపిరి ఎంత బలంగా ఊదగలరో చూసేదాన్ని. ఆ వెంటనే, చుట్టాల్లో ఇదివరకు ఎవరికి పెద్ద ఆపరేషనైందని అడిగేదాన్ని. రెండోదానికి జవాబు రాందే కత్తి పట్టలేదు.